ప్రభ బండెక్కిన కారు

పల్నాడు చరిత్రలోనే తొలిసారిగా గ్రామీణ రహదారుల సలహా సంఘం చైర్మన్ చెన్నకేశవరావు గారు ఈ ఏడాది మోడల్ స్పోర్ట్స్ కారు కొన్నారు. దాన్ని జాతికి అంకితం చేస్తున్నట్టు నరసరావుపేటలో ప్రెస్ మీట్ పెట్టి ప్రకటించారు. కారు ఆయనది. తోలేది ఆయనే. సీట్లు రెండే. జాతి ఎక్కడ కూర్చోవాలని విలేకరిగా అడుగుదామంటే నాకు నోరు రాలేదు. అప్పటికే అందులో జీడిపప్పు పకోడీ ఉంది.

కారుది పండుమిర్చి రంగు. పాత మోడల్ నాలుగు సెకన్లలో అందుకునే వంద కిలోమీటర్ల వేగాన్ని ఇది మూడు సెకన్లలో అందుకుంటుందట. పాతదానికి నేలకూ కారు పొట్టకూ మధ్య అయిదంగుళాల జాగా ఉంటే, దీనికి నాలుగే. ఇంత డౌన్ టు ఎర్త్ కారును, ఇంత డౌన్ టు ఎర్త్ నాయకుణ్ని నేనెరగను. సర్కారులో కారుంది, షికారులో కారుంది, పుకారులోనూ కారుంది. మూడూ కలిసిన మహానుభావుడు మా చైర్మన్ గారొక్కరే.

అప్పుడు లేచింది సలోమి, గొట్టిగుంటపాలెం ఆశా వర్కరు. మెయిన్ రోడ్డు నుంచి వాళ్ల ఊరు మూడు కిలోమీటర్లు. ఊరు దాటాక కాలనీకి ఇంకో అర కిలోమీటరు. అంతా గుంటలే. అంబులెన్స్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. కిందటి కాన్పుకు మనిషిని నులకమంచం మీద మోసుకొస్తుంటే బిడ్డ దారిలోనే పుట్టింది. కాలనీలో ఇప్పుడు మరో ముగ్గురు గర్భిణులున్నారు. కాలనీదాకా రోడ్డు వెయ్యమని సలోమి ఇచ్చింది పదకొండో అర్జీ.

స్వయంగా వచ్చి ఇన్‌స్పెక్ట్ చేస్తానన్నారు చైర్మన్ గారు.

"ఈ కొత్త బండిలోనే రా అన్నా. ఆ రోడ్డు సంగతి నీకంటే దానికే బాగా తెలుస్తది" అంది సలోమి.

కెమెరాలు తిరుగుతున్నాయి. తప్పకుండా అనేశారు. పక్కనుంచి పీఏ ఫణీంద్ర కంగారుగా నాలుగు వేళ్లు చూపించాడు. అంగుళాలని అతని భావం. నాలుగో తారీకున వస్తున్నానని చైర్మన్ గారు ప్రకటించారు.

నాలుగో తారీకున మెయిన్ రోడ్డు దిగగానే కారు ఆగింది. మొదటి గుంటలో గేదె పడుకుని ఉంది. చైర్మన్ గారు గేదెను చూశారు. గేదె చైర్మన్ గారిని చూసింది. లేవలేదు.

గొట్టిగుంటపాలెం ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెదురు బొంగులతో తొంభై అడుగుల ప్రభ కట్టే ఊరు. ప్రభ జట్టుకు పెద్ద యల్లమంద ఆ ప్రభ నిలబెట్టే బండిని ట్రాక్టరుకు తగిలించుకుని వచ్చాడు. ప్రభనే ఒరగనీయనివాళ్లం, కారొక లెక్కా అన్నాడు. కారును బండెక్కించి మోకులతో బిగించారు. చైర్మన్ గారు మాత్రం కారు దిగలేదు. ఏసీ వేసుకుని, బెల్టు పెట్టుకుని, స్టీరింగు తిప్పుతూ ఊరేగారు. మలుపు దగ్గర ఇండికేటర్ కూడా వేశారు. చట్టమంటే అంత గౌరవం.

ఊళ్లో బడి ముందు కారు దించారు.

"గుంటలేవమ్మా? నాకొక్కటీ తగల్లేదే. వెరీ స్మూత్" అన్నారు.

అర్జీ మీద 'పరిశీలించడమైనది. రోడ్డు సంతృప్తికరం' అని రాసి సంతకం పెట్టారు. మూడున్నర కిలోమీటర్ల రోడ్డును అరనిమిషంలో బాగుచేసిన మనిషిని నేను చూడటం అదే మొదలు. సలోమి కాగితం చదివి యల్లమంద వైపు చూసింది.

సర్పంచ్ పుల్లారావు ఇంట్లో నాటుకోడి పులుసుతో భోజనం ముగించి చైర్మన్ గారు బయటికొచ్చేసరికి యల్లమంద తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రభ బండి ఇరుసు విరిగిందని, తిరునాళ్లదాకా బాగుకాదని విన్నవించాడు. నేనూ చూశాను. ఇరుసు నాకంటే ఆరోగ్యంగా ఉంది. అయినా బండిగలవాడి మాట కాదనడానికి నేనెవర్ని? పేట నుంచి కార్లు మోసే వ్యాను పిలిపిస్తే, అది మొదటి గుంట చూసి వెనక్కి తిరిగింది.

చైర్మన్ గారు ఇంజనీరు జుబేర్‌కు ఫోను కలిపి, సంతృప్తికరంగా ఉన్న రోడ్డును మరింత సంతృప్తికరం చెయ్యమని ఆదేశించారు. ఎంత దూరం సార్ అన్నాడతను.

"మెయిన్ రోడ్డు నుంచి నా కారున్న చోటిదాకా. అంగుళం ఎక్కువ వేసినా ఊరుకోను. ప్రజాధనం."

ఫణీంద్ర ఆ ముక్కనే ఆర్డరుగా రాశాడు. సంతకం పడింది. ఒక కాపీ పంచాయతీకిచ్చారు.

"కాలనీ ఇంకా అర కిలోమీటరుంది గదన్నా" అంది సలోమి.

"నా కారు కాలనీలో ఉందా అమ్మా?"

"లేదన్నా" అని సలోమి ఒప్పుకుంది.

చైర్మన్ గారు కారు తాళం జేబులో వేసుకుని, పుల్లారావు మోటార్ సైకిలెక్కి వెళ్లిపోయారు.

మూడో రోజు పొద్దున జుబేర్ టేపు పట్టుకుని వచ్చాడు. వార్త కోసం నేనూ వెళ్లాను. బడి ముందు కారు లేదు. టైర్ల జాడా లేదు. వెతుక్కుంటూ పోతే కాలనీ కొసన, సలోమి ఇంటి గుమ్మం ముందు దొరికింది. గీత కూడా పడలేదు. చుట్టూ నలభై మంది మగాళ్ల పాదాల అచ్చులు. గోడకు ఆనించిన పొడుగాటి వెదురు బొంగులు. అరుగు మీద యల్లమంద భుజానికి ఆముదం పట్టించుకుంటున్నాడు.

కారు ఇక్కడికెట్లా వచ్చిందని జుబేర్ అడిగాడు.

"నాకేం తెలుసయ్యా, తాళం చైర్మన్ గారి జేబులో ఉంటేను" అన్నాడు యల్లమంద.

సలోమి ఆర్డరు కాపీ విప్పింది.

"కారున్న చోటిదాకా అనే గదయ్యా ఉంది. కానీయ్ మరి, ఎండెక్కుతుంది."

జుబేర్ కారును చూశాడు, సంతకాన్ని చూశాడు. టేపు కొస ఆమె చేతికిచ్చి, మెయిన్ రోడ్డు వైపు నడిచాడు.