జబ్బుపడని ఎలుకలు

ఆ ఉదయం పరిశోధకురాలు పెట్టుకున్న పని చిన్నదే. ఎలుకల రక్తపరీక్ష ఫలితాలు ప్రొఫెసరుకు చూపించి, మధ్యాహ్నం కమిటీ ముందు నోరు విప్పాలి. నేల ఉసిరి రసం కాలేయాన్ని కాపాడుతుందని తేలితే డాక్టరేటు చేతికొస్తుంది. లేదంటే ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలే.

ఎలుకలు రెండు బోనుల్లో ఉన్నాయి. కాలేయాన్ని దెబ్బతీసే విషం అన్నిటికీ ఎక్కించింది. ఎడమ బోనులోవాటికి మాత్రం రోజూ రసం పోసింది. కుడివి జబ్బుపడాలి, ఎడమవి నిలబడాలి. తీరా కాగితం చూస్తే రెండు బోనులవీ గుండ్రాళ్లలా ఉన్నాయి.

రక్తపరీక్ష మిషన్ చెడిందేమోనని ఆమె మెకానిక్‌ను పిలిచింది. అతను మరలన్నీ ఊడదీసి బల్లమీద పరిచాడు.

"మిషన్ బంగారంలా ఉందమ్మా. తిరిగి బిగించడానికే కాస్త టైం పడుతుంది."

ప్రొఫెసరు విషం మీద పడ్డాడు. అది అమ్మిన మందుల కొట్టాయనకు ఫోన్ చేసి, "నీళ్లు కలిపి అమ్ముతున్నావటయ్యా!" అని దులిపేశాడు. కొట్టాయన కొత్త సీసా చంకన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"నా విషంలో కల్తీయా సార్? కావాలంటే మీరే ఓ చెంచాడు తాగి చూడండి!"

ప్రొఫెసరు ఒకడుగు వెనక్కి వేసి, ఆమె వైపు తిరిగాడు.

"మిషనూ మంచిదే, విషమూ మంచిదే. అసలు నువ్వు విషం ఎక్కించావా, లెక్కలు వండావా?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. అక్కడ ఎలుకల గది చూసుకునే పెద్దమ్మ చీపురుతో నిలబడి ఉంది.

"ఎలుకలు కులాసాగా ఉన్నాయని గుండెలు బాదుకునేవాళ్లని ఇదే చూడటం! పిల్లనెందుకయ్యా అంటారు? అది సూది పొడుస్తూనే ఉంది. కుడి బోనుకి ఆ ఉసిరి మందు పోసింది నేను."

"నువ్వా! ఎందుకు పోశావు పెద్దమ్మా?" అంది పరిశోధకురాలు.

"మిగిలింది పారబొయ్యమన్నావు. మంచి మందు ఎవరన్నా తూములో పోస్తారా? పక్క బోనుకి పోస్తుంటే ఇవి కళ్లప్పగించి చూస్తున్నాయే తల్లీ! ఇవి మాత్రం ప్రాణాలు కావూ? నువ్వెంత పోస్తే నేనూ అంతే పోశా, అదే గొట్టంతో."

ప్రొఫెసరు మొహం వెలిగిపోయింది. "అంటే మందు పడ్డవన్నీ బతికి బట్టకట్టాయి! మందు పనిచేసిందమ్మాయ్!"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "అయితే కమిటీకి చెప్పేద్దామా సార్?"

"ఏమని చెబుతాం? మందు పొయ్యకపోతే ఏమయ్యేదో చూపించడానికి జబ్బుపడ్డ ఎలుక ఒక్కటన్నా ఉందా మన దగ్గర?"

మెకానిక్ మిషన్ బిగించేశాడు గానీ, ఒక మర అతని చేతిలోనే మిగిలిపోయింది.

మందు అంత బాగా పనిచేసింది కాబట్టే, పరిశోధన మళ్లీ మొదటికొచ్చింది.