నొప్పెడితే చెయ్యెత్తండి

ఆ రోజు పళ్ల డాక్టరు పెట్టుకున్న పెద్ద పని పొద్దున్నే ఒకాయన దవడపన్ను బాగుచేయడం. అది కాగానే ఇంటికెళ్లి వేడిగా భోంచేసి, ఒక కునుకు తీయాలనుకున్నాడు. క్లినిక్కులో రెండో కుర్చీ ఆయన భార్యది. ఆవిడా పళ్ల డాక్టరే.

"నొప్పెడితే చెయ్యెత్తండి," అని అలవాటుగా చెప్పి, పేషెంటు నోట్లో దూది కుక్కి, డ్రిల్లు అందుకున్నాడు. ఆ పేషెంటు పిల్లల్ని విదేశీ యూనివర్సిటీలకు పంపే కన్సల్టెంటు. అంతటి మనిషి నోరు తెరుచుకుని ఎదురుగా పడుకుంటే సలహా అడక్కుండా ఉండటం డాక్టరు వల్ల కాలేదు.

"మా అమ్మాయి ఏడో తరగతండీ. బయటి దేశాల్లో సీటివ్వడానికి చిన్న తరగతుల మార్కులు కూడా చూస్తారటగా?"

డ్రిల్లు నరానికి తగిలింది. కన్సల్టెంటు చెయ్యెత్తాడు.

"అనుకున్నాను! ఏ తరగతి నుంచండీ? తొమ్మిదా? ఎనిమిదా? కొంపదీసి... ఏడా?"

చెయ్యి మళ్లీ లేచింది, ఈసారి కాళ్లతో సహా.

ఆ ఏడో తరగతి అమ్మాయి స్కూలు ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపరు. బంతిని లోపలికి పోనివ్వదు కాబట్టి స్నేహితులు "గోడ" అని పిలుస్తారు. సైన్సు యూనిట్ టెస్టులో మాత్రం ఆ గోడకి సి గ్రేడు వచ్చింది.

"శనివారం ఆటా లేదు గీటా లేదు. కూర్చుని చదువు," అన్నాడు డాక్టరు, ఇంట్లో అడుగు పెడుతూనే.

"ఫైనల్ నాన్నా! ఏడాదంతా మోకాళ్లు చెక్కుకుపోయింది దీనికోసమే!"

"మోకాళ్లు చూసి సీటివ్వరమ్మా."

"ఆ కన్సల్టెంటు నిజంగా అలా అన్నాడా?" అని అడిగింది భార్య.

"రెండుసార్లు ఒప్పుకున్నాడే!"

తన బాధ తనలో దాచుకుంటే సరిపోయేది. కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్లకీ డ్రిల్లు పెడుతూ చెప్పాడు. కాదనడానికి ఎవరి నోరూ ఖాళీగా లేదు. ఆ మాట ముందుగదిలోకి చేరేసరికి ఏడో తరగతి కాస్తా ఐదైంది, వీధి చివరకొచ్చేసరికి మూడైంది. పాలపళ్లింకా ఊడని పిల్లాడి తల్లి, వాడి రంగుల పుస్తకంలో తగ్గిన మార్కు సంగతి తేల్చమని స్కూలు గేటు దగ్గర బైఠాయించింది. జట్టులో సగంమందిని ఇళ్లలో కూర్చోబెట్టారు. "ఇలాగైతే ఫైనల్ వదులుకోవాల్సిందే," అని హెడ్‌మిస్ట్రెస్ డాక్టరుకే ఫోన్ చేసి బాధపడింది.

శుక్రవారం కన్సల్టెంటు పంటికి తొడుగు వేయించుకోవడానికి వచ్చాడు.

"జనం నా తలుపులు విరగ్గొడుతున్నారు డాక్టరుగారూ! ఈ మూడో తరగతి గోల ఎవడు లేవదీశాడో గానీ..."

"మూడు కాదండీ, ఏడు. మీరే కదా చెయ్యెత్తింది?"

"నొప్పెడితే ఎత్తమన్నది మీరే కదా! మామూలుగా చూసేది పై తరగతుల మార్కులండీ. కింది తరగతుల్లో పునాది గట్టిపడితే పైన తేలికవుతుంది, అంతే. ఆటలాడే పిల్లలైతే మరీ మంచిది."

రెండో కుర్చీ దగ్గర్నుంచి భార్య దగ్గింది.

డాక్టరుకి తన తప్పు తెలిసింది. కానీ కూతురి ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "ఎందుకైనా మంచిది, చదువుకోనీ," అని పళ్లు నూరుకుంటూ తిరిగాడు. అలా నూరి నూరి శనివారం పొద్దున సొంత పన్నే పగలగొట్టుకున్నాడు.

భార్య ఆయన్ని కుర్చీలో పడుకోబెట్టి, మత్తు సూది వేసి, అది బాగా ఎక్కేలోగా ఫోన్లో చుట్టాలందరి క్షేమసమాచారాలూ కనుక్కుని వచ్చి, నోట్లో దూది కుక్కింది. గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది, చేతులకి గోల్‌కీపరు గ్లవ్స్ తొడుక్కుని.

"నాన్నా, ఆటకెళ్లనా?"

భార్య డ్రిల్లు ఆన్ చేసింది. డాక్టరు చెయ్యెత్తాడు.

"మిగతావాళ్లని కూడా పంపమని వాళ్లమ్మలకి చెప్పనా?"

రెండో చెయ్యి కూడా లేచింది.

"ఒప్పుకున్నారుగా, పరిగెత్తు!" అంది భార్య.

డ్రిల్లు ఇంకా పంటికి తగలనేలేదు.