నెలవంక కమిటీ

ఒక పెద్ద అడవిలో సింహాల దొరతనం పోయాక కొత్త సభలో కూర్చున్నవి ఎనభై జంతువులు. అరవై ఇస్లాం పాటించేవి, ఇరవై పాటించనివి. అభిప్రాయాలు మాత్రం నూట అరవై. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

పేచీ ఒక్కటే. కొత్త రాజ్యం ఇస్లాం పునాది మీద నిలబడాలా, వద్దా?

నిలబడాల్సిందేనని నక్క పట్టుబట్టింది. రంజాన్ మధ్యాహ్నాల్లో పొదల వెనక నక్కకు ఏం పనో అడవికంతా తెలుసు. కానీ ప్రధాని కుర్చీకి నలభై ఒక్క ఓట్లు చాలు. మతం పేరెత్తితే అరవైదాకా రావచ్చు.

"మరి మా సంగతి?" అంది ఆ ఇరవైలో ఒకటైన జింక.

"మీకు పూర్తి రక్షణ ఉంటుందమ్మా."

"ఎవరి నుంచి?"

నక్క ఆ ప్రశ్నను ఉపసంఘానికి పంపించింది.

ముసలి కొంగ లేచింది. ఏటా తాటిచెట్టు మీంచి నెలవంకను చూసి అడవికి చెప్పేది అదే. "మతం మన గుండెల్లో భద్రంగానే ఉంది నాయనా. బీరువాలో పెడితే తాళంచెవి ఉన్నవాడి సొంతమైపోతుంది."

"చాచా, మీకు మతం మీద ప్రేమ లేదా?" అంది నక్క.

ఓట్లు పడ్డాయి. అవునని యాభై ఎనిమిది ఓట్లు, కాదని ఇరవై రెండు.

ఆ ఊపులోనే ప్రధాని అయిన నక్క తొలి చట్టం: ఇకపై నెలవంకను ప్రభుత్వమే చూస్తుంది. కమిటీ సభ్యులు ముగ్గురూ కళ్లారా చూశామని కాలిముద్ర వేస్తేనే పండగ. సభ్యులు నక్క, తోడేలు, చుంచెలుక. చుంచుకు చూపు ఆనదు. అయితేనేం, నక్క ఔనంటే ఔననే రకం.

ఆ రంజాన్‌లో నక్క పని అయిపోయింది. మతరక్షకుడి మీద డెబ్బై తొమ్మిది జతల కళ్లు. పొద వైపు తిరిగితే చాలు, "ఏం ప్రధానిగారూ, షికారా?" అని పలకరింపు. బతుకులో మొదటిసారి ఇరవై తొమ్మిది ఉపవాసాలూ నిజంగా ఉంది.

ఇరవై తొమ్మిదో సాయంత్రం పడమట సన్నగా నెలవంక. అడవంతా కేరింతలు. నక్క ముద్ర వేసింది, తోడేలు వేసింది. చుంచు మెడ చాచి, కళ్లు చికిలించి, "నాకు కనిపించట్లేదన్నా" అంది.

"ఒరేయ్, కనిపించిందని చెప్పరా!"

"రంజాన్ నెలలో అబద్ధమా? పైగా కమిటీలో చేరినప్పుడు, కళ్లారా చూస్తేనే ముద్ర వేస్తానని నీ చేత్తో రాసిన ప్రమాణమే చేశాను కదన్నా."

నక్క కొంగ దగ్గరికి పరుగెత్తింది. "చాచా, మీరైనా చెప్పండి!"

"నేను చూసి చాలాసేపైంది. కానీ చట్టప్రకారం నా చూపు చెల్లదుగా."

మర్నాడు కొంగ మాట మీద ఇస్లాం పాటించేవన్నీ పండగ నమాజు చేశాయి, అడవంతా సేమ్యా వండుకుంది. చట్టాన్ని దాటలేని జంతువు ఒక్కటే, దాన్ని చేసినది. ముప్పయ్యో ఉపవాసంతో కడుపు పట్టుకుని లెక్క వేసుకుంది: చట్టం రద్దుకి నలభై ఒక్క ఓట్లు కావాలి, ఇరవై రెండు ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయి.

"మతం వేరు, ప్రభుత్వం వేరు అని నేను మొదట్నుంచీ..." అని గొంతు సవరించుకుంటూ, నక్క జింక గుమ్మం వైపు నడిచింది.

నీతి: మతాన్ని కాపాడే ఉద్యోగం ఒప్పుకునేముందు సుష్టుగా భోంచేయవలెను.