భార్య పక్కన సీటు

తోడల్లుడనేవాడు లేకపోతే నిదానం ఆ ఆదివారం భార్య పక్కన కూర్చుని వెళ్ళేవాడు, భార్య పక్కనే కూర్చుని తిరిగి వచ్చేవాడు. చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. ఆ తోడల్లుణ్ణి చుట్టాలంతా డిస్కౌంటు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉందిగాని, ఎవరింట్లో ఏ వస్తువు చూసినా "నాకు చెప్తే సగానికి ఇప్పించేవాణ్ణి కదా!" అంటాడు కనుక ఆ పేరు అతుక్కుపోయింది. సగానికి ఇప్పించిన దాఖలా మాత్రం ఇంతవరకూ లేదు. రాజధానిలో ఒక టూరిస్టు కంపెనీలో కౌంటరు వెనక కూర్చుని టికెట్లు ఇస్తాడు.

నిదానం అదే నగరంలో టౌన్‌బస్సు డ్రైవరు. ఆ పేరు డిపోవాళ్ళు పెట్టారు. స్పీడు చూపించే ముల్లు సగం దాటి పైకి వెళ్ళడం అతని బస్సులో ఎవరూ చూడలేదు. అతను ఏడో తరగతిలో ఉండగా లెక్కల మేష్టారు బెంచీ ఎక్కించి నిలబెట్టాడు. నిలబడీ నిలబడీ, దిగి, గుమ్మంలోంచి బయటికి నడిచాడు. మళ్ళీ బడి మొహం చూడలేదు. పోలీసులకు భయపడడు, డిపో మేనేజరుకు భయపడడు. టీచరు అనే మాట వింటే మాత్రం ఇప్పటికీ చేతులు కట్టుకుంటాడు.

అతని భార్యకు ఒకటే కొరత. పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా బస్సులో ఆమె చూసింది మొగుడి వీపే. అతను నడుపుతుంటే ఆమె వెనక సీట్లో కూర్చునేది. ఎవరో నడిపే బస్సెక్కితే అతను పోయి ఆ డ్రైవరు పక్కన నిలబడి గేర్ల గురించి మాట్లాడేవాడు. కిందటి నెలలో ఒకరోజు ఉతికిన బట్టలు మడతపెడుతూ ఆమె అంది: "ఒక్కరోజు వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ నా పక్కన కూర్చోండి. కుదరదంటే ఇక మీతో ఏ ఊరూ రాను. చెల్లెలితోనే తిరుగుతాను." కోపంగా అనలేదు. దుప్పటి అంచులు కలుపుతూ మామూలుగా అంది. అందుకే నిదానం భయపడ్డాడు.

వెంటనే డిస్కౌంటును అడిగాడు. "దానికేం అన్నయ్యా! మా కంపెనీ బస్సే ఉంది. ఏడు వందల ఏళ్ళ నాటి కోట ఊరు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడమే. గైడు కూడా ఉంటుంది, మీరు రాజాలా కూర్చోవడమే పని" అన్నాడు. రెండు టికెట్లు పూర్తి ధరకే ఇచ్చాడు. పైగా ఒక చొక్కా కూడా బహుమతిగా తెచ్చాడు. లేత నీలం రంగు, కొత్తది, జేబు మీద ఏదో కుట్టు విప్పిన గుర్తు. "ఊరికే వచ్చింది అన్నయ్యా. మీకు సరిగ్గా పడుతుంది." అది ఆ కంపెనీ డ్రైవర్లకిచ్చే చొక్కా అనీ, స్టోరులో మిగిలిపోయిందనీ అతను చెప్పలేదు. ఇతను అడగలేదు.

ఆదివారం ఉదయం బయల్దేరే ముందు భార్య అతని ఫోను తన సంచిలో వేసుకుంది. "డిపో నుంచి ఎవరు చేసినా నేనే మాట్లాడతాను." నిదానం ఒప్పుకున్నాడు. బస్సెక్కి ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి తను పక్కన కూర్చున్నాడు. ఊరు దాటేదాకా అంతా బాగానే ఉంది. మొదటి మలుపు దగ్గర అతని కుడికాలు తనంతట తానే నేలను నొక్కింది.

"ఏం చేస్తున్నారు?"

"కాలు తిమ్మిరెక్కింది."

"మలుపు రాగానే ఎక్కిందా?"

అతను దారిని వదిలి భార్యను చూడడం మొదలుపెట్టాడు. ఆమె కొంచెం సేపు సిగ్గుపడి, తర్వాత "మరీ అంత చూడక్కర్లేదు" అని బత్తాయి తొనలు చేతిలో పెట్టింది. ఇద్దరూ పొలాల గురించీ, మేకల గురించీ, ఎప్పుడో చచ్చిపోయిన పక్కింటావిడ గురించీ మాట్లాడుకున్నారు. ఇన్నేళ్ళలో అన్ని మాటలు ఒకేసారి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కోట ఊరు గోడ లోపల ముడుచుకుని కూర్చున్నట్టుగా ఉంది. శత్రువులు రాకుండా కట్టిన గోడ అది. ఇప్పుడు గుమ్మం దగ్గర టికెట్టు పెట్టారు కనుక శత్రువైనా సరే కొనుక్కుని లోపలికి పోవచ్చు. గైడు అమ్మాయి పసుపు రంగు గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తూ, ఈ మెట్ల మీద ఫలానా రాజు జారిపడ్డాడనీ, ఆ కిటికీలోంచి ఫలానా రాణి ఉత్తరం విసిరిందనీ చెబుతోంది. నిదానం తలెత్తి కోటగుమ్మాన్ని కొలిచాడు.

"రెండు అద్దాలూ మడిస్తే పడుతుంది."

"ఏం పడుతుంది?" అంది భార్య.

"ఏం లేదు. రాయి బాగుందంటున్నాను."

గొడవంతా అతను వేసుకొచ్చిన ఆ చొక్కాతో మొదలైంది. గుంపులో ఒకావిడ వచ్చి మరుగుదొడ్డి ఎక్కడని అడిగింది. తెలియదనడం అతని వృత్తిలో లేదు. చుట్టూ చూసి చెప్పాడు. ఇంకొకాయన బస్సులో కళ్ళజోడు మరిచిపోయానన్నాడు. "ఎక్కడికీ పోదండీ, మన బండిలో వస్తువు పోదు" అన్నాడు. కోటలోని పాత బావి దగ్గరకు వచ్చేసరికి ఒక లావుపాటి ఆవిడ పొద్దున చలికని వేసుకొచ్చిన ఉన్ని కోటూ, రెండు సంచులూ అతని చేతుల్లో పెట్టి, "బస్సులో పెట్టెయ్ బాబూ, మొయ్యలేకపోతున్నా" అని గొడుగు వెనకాల వెళ్ళిపోయింది.

"ఎందుకు తీసుకున్నారు?" అంది భార్య.

"తీసుకోలేదే. పెట్టేసింది. ఇక్కడ బావి గట్టు మీద కూర్చో, ఇలా పెట్టి అలా వస్తాను."

"పక్కనుంచి కదలనన్నారు."

"బస్సులో కదా అన్నది! ఇది బస్సు కాదుగా."

ఆమె బావి గట్టు మీద కూర్చుంది. అతను వెళ్ళాడు.

గోడ బయట బస్సులు ఆపే ఖాళీ స్థలంలో ఆ కంపెనీవి తెల్ల బస్సులు రెండు ఉన్నాయి. నిదానం తను వచ్చిన బస్సు ఎక్కి కోటూ సంచులూ సీట్లో సర్దాడు. ముసలి డ్రైవరు భోజనానికి వెళ్ళాడు. తాళం బండికే ఉంది. అది అక్కడి పద్ధతి. ఇంతలో కిందనుంచి ఈల వినిపించింది. మెళ్ళో ఈల, చేతిలో కర్ర ఉన్న కాపలావాడు అద్దం మీద కొడుతున్నాడు.

"ఏమయ్యా డ్రైవరూ, నీళ్ళ ట్యాంకరు వెళ్ళాలి, నాలుగడుగులు ముందుకు తియ్!"

"నేను డ్రైవర్ని కాదయ్యా."

"నీ జాతకం అడిగానా? తియ్!"

వెనక ట్యాంకరు హారను మోగిస్తోంది. వెనకనుంచి హారను వినబడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం నిదానం వల్ల కాలేదు. నాలుగడుగులే కదా అనుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. దిగి రెండు వైపులా అద్దాలు తుడిచి, మళ్ళీ ఎక్కి, బండి తీశాడు.

అంతే. రెండో బస్సు పక్కనుంచి ఒక గుంపు చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చింది. టౌన్‌బస్సు నడిపినవాడికి ఎత్తిన చెయ్యి కనిపిస్తే కాలు బ్రేకు మీదికీ, చెయ్యి తలుపు మీటకూ పోతుంది. తలుపు తెరుచుకుంది. నలభై మంది రిటైరైన టీచర్లు ఎక్కి కూర్చున్నారు. వాళ్ళది ఆ రెండో బస్సు. దాని డ్రైవరు వెనక సీట్లో ముసుగు తన్ని నిద్రపోతుంటే, ఎవరూ లేరనుకుని ఎండలో కాళ్ళు పీకేలా నిలబడ్డారు. వాళ్ళకు గైడు లేదు. నలభై మందీ ఎవరికి వారే చెప్పగలరు కనుక వద్దన్నారు.

చివరగా ఎక్కిన పెద్ద టీచరమ్మ తలలు లెక్కపెట్టి, "సరిపోయారు. ఇక రాజధానికి పోనివ్వు" అంది.

"అమ్మా, ఇది మీ బస్సు కాదండీ. నేను డ్రైవర్ని కాదండీ."

"మరి నడుపుతున్నదెవరు?"

"అంటే, డ్రైవర్నేనండీ. ఈ బస్సుకి కాదు."

"సొంత బస్సయితేనే నడుపుతావా? గంటసేపు ఎండలో నిలబెట్టి ఇప్పుడు సాకులా? కూర్చో!"

లేవబోయిన నిదానం కూర్చున్నాడు. లెక్కల మేష్టారి గొంతు కూడా అచ్చం ఇలాగే ఉండేది. చదువు చెప్పేవాళ్ళకు అడగడం అలవాటు, వినడం కాదు. వెనక ట్యాంకరు, ముందు ఈల. బండి గేటు దాటింది. గేటు అవతల గోడ వెంబడి వెళ్ళే దారి ఒకవైపు దారి. అది పెద్ద రోడ్డులో కలిసింది. పెద్ద రోడ్డుకు మధ్యలో సిమెంటు గోడ. తిప్పుకునే చోటు ఎక్కడా లేదు.

"టీచర్‌గారూ, ఒక్కసారి ఫోను ఇప్పిస్తారా? మా ఆవిడ బావి దగ్గర..."

"బండి నడుపుతూ ఫోనా? ఇంకోసారి అడిగితే కంపెనీకి రాస్తాను."

"బండి ఆపి మాట్లాడతానండీ."

"ఇక్కడ ఆపకూడదని బోర్డు ఉంది. చదవడం రాదా?"

వచ్చు. ఏడో తరగతి దాకా వచ్చు. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని నడిపాడు. ఒక్క కుదుపు లేదు, ఒక్క గుంట తగల్లేదు. కాసేపటికి బస్సంతా గురక. అతని కళ్ళ ముందు మాత్రం బావి గట్టు, దాని మీద ఒక్కతే కూర్చున్న మనిషి. ఇరవై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. సగం దారి దాకా చేసి, మిగతా సగంలో వదిలేసి వచ్చాడు. ఇక ఆమె చెల్లెలితోనే తిరుగుతుంది. ఆ చెల్లెలి మొగుడు డిస్కౌంటు. ఇంట్లో పండక్కీ పబ్బానికీ ఈ మాటే తిరగేసి చెబుతాడు.

అక్కడ భార్య చాలాసేపు కూర్చుంది. గైడు అమ్మాయి వచ్చి పిలిస్తే, "ఎక్కడో ఇంజనులో తల దూర్చి ఉంటారు, పదమ్మా" అని లేచింది. గుంపు బయటికి వచ్చేసరికి ముసలి డ్రైవరు చేతిలో భోజనం పొట్లంతో, బస్సు ఉండాల్సిన చోట నిలబడి ఉన్నాడు.

"జనం బస్సుని వదిలేసి పోవడం చూశాను. బస్సే నన్ను వదిలేసి పోవడం ఇదే మొదటిసారి" అన్నాడు.

ఈలవాణ్ణి అడిగారు. "నీలం చొక్కా ఆయన తీసుకెళ్ళాడు. తీసే ముందు దిగి అద్దాలు తుడిచాడు."

భార్య నిట్టూర్చింది. "వేగంగా వెళ్ళాడా?"

"లేదమ్మా. పక్కన నడిచి వెళ్ళేవాళ్ళు దాటిపోతుంటే దారి ఇచ్చాడు."

"అయితే మా ఆయనే."

నిద్రపోతున్న డ్రైవర్ని లేపి, గుంపును టీచర్ల బస్సులో ఎక్కించారు. భార్యకు ముందు వరసలో, డ్రైవరుకు అటువైపున కిటికీ సీటు దొరికింది. పక్కన ఖాళీ. అందులో ముసలి డ్రైవరు వచ్చి కూర్చున్నాడు.

రాజధానిలో కంపెనీ ఆఫీసు ముందు నిదానం బస్సు ఆపగానే డిస్కౌంటు బయటికి వచ్చి నోరు తెరిచాడు. "అన్నయ్యా, వదినేది? అదేంటి, మీరు డ్రైవరు సీట్లో ఎందుకున్నారు?"

నిదానం జవాబు చెప్పేలోపు టీచరమ్మ దిగి నేరుగా కంపెనీ మేనేజరు దగ్గరకు నడిచింది. "మీ డ్రైవర్లందరిలోనూ మనిషంటే ఇతనొక్కడే. నా మోకాళ్ళు ఈ దారిలో నొప్పి పుట్టకుండా రావడం ఇదే మొదలు. సాకులు మాత్రం ఎక్కువ చెబుతాడు. మాన్పించండి."

"మా అన్నయ్యే సార్!" అన్నాడు డిస్కౌంటు వెంటనే. "నేనే పంపించాను. చొక్కా కూడా నేనే ఇచ్చాను."

"ఏ చొక్కా?" అన్నాడు మేనేజరు. డిస్కౌంటు మెల్లిగా కౌంటరు వెనక్కి జారుకున్నాడు. భార్యను బావి దగ్గర వదిలి వచ్చాక నిదానానికి కలిగిన సంతోషం అదొక్కటే.

మేనేజరు చొక్కా సంగతి తర్వాత చూద్దామని పక్కన పెట్టాడు. ముసలి డ్రైవరు వచ్చే నెలలో రిటైరవుతున్నాడు. "ఆదివారాలు మా కోట ఊరి బస్సు నడుపుతారా? డిపోలో ఒప్పించే పూచీ నాది" అని అడిగాడు.

నిదానం గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "క్షమించండి సార్. ఆదివారాలు నేను మా ఆవిడ పక్కన కూర్చోవాలి."

అప్పుడే రెండో బస్సు వచ్చింది. భార్య దిగింది. వెనక ఆమె సంచి పట్టుకుని ముసలి డ్రైవరు. నిదానం దారంతా కూడగట్టుకున్న క్షమాపణలన్నీ మరిచిపోయి ఆమెకు ఎదురెళ్ళాడు.

"కోపం వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది. నది మీద వంతెన దగ్గర పోయింది. ఎంత బాగుందండీ! ఇన్నేళ్ళు ఆ దారిలో నడిపిన ఈయన కూడా అక్కడ నది ఉందని చూడనే లేదట. ఇద్దరం కిటికీకి అతుక్కుపోయాం."

"వచ్చే ఆదివారం నేను కూర్చుంటాను. ఒట్టు. ఈ మేనేజరుగారు నడపమంటే వద్దనేశాను."

"ఎందుకు వద్దన్నారు?" ఆమె మేనేజరు వైపు తిరిగింది. "నడుపుతారండీ. రాసుకోండి."

"అదేంటే! పక్కన కూర్చోమన్నది నువ్వే కదా?"

"అన్నాను. ఇవాళ ముందు వరసలో కూర్చున్నాక తెలిసింది. అక్కణ్ణుంచి పైన అద్దంలో డ్రైవరు మొహం దారంతా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ సరిగ్గా మీ వెనకే కూర్చుని వీపు చూశాను. పక్కన కూర్చుంటే సగం మొహమే కదా. డ్రైవరు భార్యకు ఆ సీటు ఉచితమట, ఈ డ్రైవరుగారు చెప్పారు. పక్కన చెల్లెలు కూర్చుంటుంది."

నిదానం ఏదో అనబోయాడు. ఆమె సంచిలోంచి అతని ఫోను తీసి చేతిలో పెట్టింది. మాట్లాడ్డం అయిపోయిందని అర్థం.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అతను నడుపుతాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ ముందు వరసలో కూర్చుని నదిని చూస్తారు. మధ్యమధ్య ఆమె తలెత్తి అద్దంలోకి చూస్తుంది. అప్పుడు మాత్రం ముల్లు ఇంకాస్త కిందికి దిగుతుంది.

ఇక భార్య పక్కన సీటుకు ఆ రోజు కట్టిన డబ్బులో, అతను కూర్చోకుండా పోయిన తిరుగు ప్రయాణం తాలూకు సగం, మూడు వందల డెబ్బై ఐదు రూపాయలు, డిస్కౌంటు ఇంకా తిరిగి ఇవ్వలేదు.