దోన్యా క్రెసెన్సియా పెరట్లోని గని

భూమి పైన ఉన్నది మనిషిది, కింద ఉన్నది దేశానిది. ఈ సూత్రం మీదే మా హిదాల్గో కొండల్లో సంసారాలన్నీ సజావుగా సాగుతున్నాయి. చిక్కల్లా ఒక్కటే, మేం తినే గొర్రె భూమి కింద ఉడుకుతుంది.

దోన్యా క్రెసెన్సియాది (దోన్యా అంటే మా దగ్గర అమ్మగారు) ఆదివారం బార్బకోవా వ్యాపారం. గోతిలో రాళ్లు కాల్చి, మగేయ్ కిత్తలి మట్టలు పరిచి, శనివారం సాయంత్రం మాంసం పూడ్చిపెడితే తెల్లారేసరికి ఎముక దానంతటదే ఊడివస్తుంది. మొన్నటి వానలకు ఆ గొయ్యి కూలిపోయింది. పెరట్లో కొత్తది తవ్వబోతే రెండడుగుల లోతున తెల్లటి పలుగురాయి సిర తగిలింది. రెండు వేళ్ల మందం, మధ్యలో నల్లటి ఖనిజపు చారలు. నిజాయితీపరురాలు గనక (జీవితంలో ఆమె చేసిన తప్పు ఇదొక్కటే) సర్కారుకు కబురు చేసింది.

స్వల్ప ఖనిజ ఆనవాళ్ల కార్యాలయం నుంచి ఇంజనీర్ నబోర్ వచ్చారు. రాయిని భూతద్దంతో చూశారు, నాలుకతో తడిపి చూశారు, పిడికెడు ముక్క పట్టుకెళ్లారు. నెల తర్వాత ఫలితంతోపాటు పసుపు తాడు తెచ్చి పెరటి చుట్టూ కట్టారు.

"ఇక్కడ గొయ్యి తవ్వకూడదమ్మా. ఇది నమోదైన ఆనవాలు."

"బంగారం ఏమాత్రం ఉందేంటి?"

"టన్ను రాయికి అర గ్రాము. గని అనడానికి చాలదు."

"గని కానప్పుడు వదిలెయ్యండి మరి."

"కాదనడానికి కాస్త ఎక్కువైంది."

"వచ్చే నెల ఊరి పండగ. గొయ్యి లేకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదు, ఇంజనీర్ గారూ."

"పద్నాలుగో ఫారం పెట్టండి. సిర ఎక్కడిదాకా ఉందో తేలితే రద్దు చేయొచ్చు. తేల్చాలంటే మేం మచ్చు తియ్యాలి."

"మచ్చు తియ్యడమంటే తవ్వడమే కదా నాయనా?"

"మీరు తవ్వితే నేరం. మేం తవ్వితే విజ్ఞానం."

దోన్యా కాసేపు ఆయన్ని, కాసేపు పెరటిని చూసింది. మర్నాడే ఫారం పెట్టింది.

ఇద్దరు మనుషులు గునపాలతో దిగారు. సిరతోపాటు దాని చుట్టూ ఉన్న రాయి కూడా రావాలని నిబంధన. దోన్యా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ మూల ఏదో మెరిసినట్టుంది బాబూ. అదీ తియ్యండి."

"అక్కడేం లేదు దోన్యా."

"లేదని నువ్వెలా చెప్తావు? దేశం సొత్తు. మొహమాటపడితే ఎలా? ఇటువైపు కూడా సమానంగా తియ్యి, ఒక దిక్కుకి అన్యాయం జరగకూడదు."

మూడు వారాలు తీశారు. (ఆ ఆదివారాలన్నీ నేను గుడ్లు తిని బతికాను. దేశం నా త్యాగాన్ని గుర్తించలేదు.) ఒకటిన్నర మీటర్ల లోతున సిర దారంలా సన్నబడి, మా కొండల్లో సిరలన్నిటికీ ఉన్న అలవాటు ప్రకారం మాయమైంది. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఊరు నవ్వింది. అది అన్యాయం, ఎలుక కూడా దొరకలేదు. సిర మొత్తం మచ్చు కిందే అయిపోయి రెండొందల పన్నెండు సంచుల్లో కార్యాలయం వరండా చేరింది. గుమాస్తాలు ఇప్పుడు కిటికీలోంచి లోపలికి వెళ్తున్నారని వినికిడి.

ఇంజనీర్ నబోర్ వచ్చి గోతిలోకి తొంగిచూశారు.

"ఇంత గుండ్రంగా వచ్చిందేమిటమ్మా?"

"మీ చేతి చలవ."

పూడ్చడం వేరే శాఖ పని. ఆ శాఖ ఇంకా ఏర్పడలేదు. కాబట్టి గొయ్యి అలాగే ఉండటానికి తనకు అభ్యంతరం లేదని దోన్యా మూడు ప్రతుల మీద సంతకం చేసింది. నాకైతే ఆమె చేయి కళ్లకద్దుకోవాలనిపించింది.

పండగనాడు ఇంజనీర్ గారు కూడా వచ్చారు. గోతిలో గొర్రె రసం దిగిన శనగల పులుసు రెండు గిన్నెలు తాగి, రిజిస్టరు తెరిచారు. అందులో గడులు రెండే: ఆనవాలు, గని. ఆనవాలు ఇప్పుడు లేదు. గడి ఖాళీగా వదలకూడదు. గొయ్యి మాత్రం ఉంది, దాంట్లోంచి వారం వారం ఏదో బయటికి వస్తోంది. ఆయన మూతి తుడుచుకుని "గని" అని రాశారు. ఉత్పత్తి: వారానికి రెండు గొర్రెలు. నాణ్యత: ఉత్తమం.

మా తాతలు, తండ్రులు దిగిన పదిహేడు గనులూ ఎప్పుడో మూతపడ్డాయి. ఈ ఏడాది నివేదిక మాత్రం నేను స్వయంగా చదివాను. మా జిల్లాలో నడుస్తున్న గనులు: ఒకటి.