చినగురువలస ఇచ్చిన మాటలు

మాండలిక పరిశోధన కేంద్రం వారు రికార్డు చేసుకున్న మాట, ఆ నిమిషం నుంచి చెప్పినవాళ్ల నోటికి మళ్లీ రాదు. ఇందులో కొత్తేమీ లేదు. రికార్డరు మీద ఎర్ర దీపం వెలిగి ఆరగానే మాట నోట్లోంచి ఊడి కేంద్రం వారి రేకు పెట్టెలో పడుతుంది. ఇచ్చినవారికి రసీదు ఇస్తారు. రసీదులో మాట, అర్థం, ఇచ్చిన తేదీ, తిరిగి అందే తేదీ ఉంటాయి. చివరి గడిలో 'పరిశోధన ముగిశాక' అని ముందే అచ్చువేసి ఉంటుంది.

పొట్నూరు హేమలత ఆ కేంద్రంలో తాత్కాలిక సహాయకురాలు. ఆమెది శ్రీకాకుళం. చిన్నప్పుడు ఇంట్లో అందరిలాగే మాట్లాడేది. కాన్వెంటులో చేరాక, ఐదో తరగతి పూర్తయ్యేలోపు టీచర్లు ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. నోట్లో సొంత మాటలేవీ లేవు గనక ఊళ్లవాళ్ల మాటలు పట్టడంలో ఆమె పొరపాటు చేయదని ఇంటర్వ్యూ బోర్డు అభిప్రాయపడింది. ఉద్యోగం ఇచ్చింది.

చినగురువలసలో ఆమెకు నమూనాగా దొరికిన మనిషి లోలుగు చిన్నమ్మడు. అరవై రెండేళ్లుంటాయి. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. పిక్కల జీడికి వేళ్ల చివర్లు నల్లబడిపోయాయి గానీ నోరు మాత్రం ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది.

"మా మాటలు నీకెందుకమ్మా? బళ్లో మా పిల్లగుంటల్ని మాటాడొద్దన్న మాటలే కదా ఇవి" అంది చిన్నమ్మడు.

"దాచిపెడతాం పెద్దమ్మా. పాడవకుండా."

"ఇన్నాళ్లూ నోట్లోనే ఉన్నాయి. ఏటీ పాడవనేదే."

అయినా ఇచ్చింది. అడిగితే లేదనడం ఆమెకు చేతకాదు. పడుకోమని చెప్పే 'తొంగో' ఇచ్చింది. అది పెట్టెలో మెత్తగా పడింది. వదిలేయమని చెప్పే 'ఒగ్గేయ్' మూతకు తగిలి టంగుమంది. చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి, ఏ మాట ఎలా మోగుతుందో వినడానికి ఒకరిమీద ఒకరు పడి నవ్వుతూ మరిన్ని మాటలు గుర్తుచేశారు. సాయంత్రానికి నలభై మాటలయ్యాయి. ముప్పై ఏడోది 'బేగి'. త్వరగా అని అర్థం. అది పెట్టెలో పడ్డాక కూడా కాసేపు గిలగిల్లాడింది. హేమలత పెట్టె మీద కూర్చుని రసీదు రాసింది.

పరిశోధనలో ఒక మనిషిని ఊరంతటికీ నమూనాగా తీసుకుంటారు. కాబట్టి నమూనా నోట్లోంచి మాట పోతే ఊరంతటికీ పోతుంది. ఇది కేంద్రం వారి పద్ధతుల పుస్తకంలో నాలుగో అధ్యాయంలోనే ఉంది.

ఊరు సర్దుకుంది. పడుకోమని చెప్పడానికి చాప పరిచి చూపించారు. వదిలేయమనడానికి చేతిమీద ఒకటి వేశారు. చిక్కు వచ్చింది ఒక్క ఈశ్వరి దగ్గరే.

ఈశ్వరి చిన్నమ్మడి మనవరాలు, తొమ్మిదో తరగతి. ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లా పోటీకి ఎంపికైంది. పోటీ ఇంకా పది రోజులుంది. రోజూ పొద్దున్నే జీడితోటల పక్క రోడ్డు మీద ఈశ్వరి పరిగెత్తుతుంటే, నాయనమ్మ కల్వర్టు మీద నిలబడి "బేగి! బేగి!" అని అరిచేది. ఆ కేక వీపుకు తగిలిందంటే పిల్ల కాళ్లు నేలమీద ఆగేవి కావు. ఇప్పుడు చిన్నమ్మడు కల్వర్టు మీద నిలబడి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఇక లాభం లేదని "త్వరగా!" అని అరిచింది. ఈశ్వరి ఠక్కున ఆగి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆగిపోనావేటే?"

"అలగంటే మా మేష్టారొచ్చినట్టుంది మామ్మా. నోట్సు రాయాలనిపిస్తంది."

వారం తిరిగేసరికి ఈశ్వరి ముప్పై సెకన్లు వెనకబడింది. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినకుండా, "పోనీ నాను వెళ్లను మామ్మా, పరువు తక్కువ" అంది. మర్నాడు పొద్దున చిన్నమ్మడు రసీదులన్నీ కొంగున కట్టుకుని బస్సెక్కింది.

కేంద్రం ఉపసంచాలకులు ప్రభాకరం గారు మర్యాదస్తులు. లేచి కుర్చీ వేశారు.

"ఏ మాట కావాలమ్మా?"

చిన్నమ్మడు నోరు తెరిచింది. మాట లేదు. రసీదులు చూద్దామంటే చదువు రాదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఆ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు పరిగెత్తి చూపించింది.

"పరుగా?"

"కాదు బాబూ. పరిగెట్టమనీసి ఎనకనుంచి సెప్తాం సూడు, అది."

ప్రభాకరం గారు హేమలతను పిలిపించారు. ఆమె ముప్పై ఏడో రసీదు వెతికి తీసింది. ఫైలు తెప్పించారు. అనువాద విభాగం ఆ మాటను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి మళ్లీ తెలుగులోకి తెచ్చిందనీ, ముగ్గురు నిపుణులు చూసి ఆమోదించారనీ అందులో ఉంది.

"అసలు మాట విశ్లేషణలో ఉందమ్మా. దాని బదులు ఇది తీసుకెళ్లండి. అర్థంలో తేడా ఏమీ లేదు" అని ఆయన కాగితం చదివారు. "సాధ్యమైనంత సత్వరమే."

చిన్నమ్మడు దాన్ని రెండుసార్లు నోట్లో తిప్పి చూసుకుంది. సరుకు మంచిదో కాదో చూడాలి కదా అని వరండాలోకి వెళ్లి, గొంతెత్తి "సాద్దిమైనంత సత్తరవే!" అని అరిచింది. ఎవరూ కదల్లేదు. ఒక గుమాస్తా మాత్రం చేతిలో ఉన్న ఫైలు తీసి అన్నింటికీ అడుగున పెట్టాడు.

"సూసినావా బాబూ" అంది చిన్నమ్మడు తిరిగొచ్చి. "దీనికి నడిసీవోడు గూడా కూలబడతాడు."

ప్రభాకరం గారు వాదించలేదు. ముప్పై ఏడో మాట, పెట్టిన మొదటి రోజు నుంచీ సొరుగులో నిలవడం లేదని ఆయనకు తెలుసు. ఉదయం తాళం తీస్తే గుమ్మం దగ్గర కనబడేది. నియమావళి తిరగేశారు. పదకొండో నియమం కింద, మాట పనిచేస్తున్నదీ లేనిదీ తేల్చడానికి ఉద్యోగి పర్యవేక్షణలో దాన్ని బయటకు పంపవచ్చు. దీన్ని వినియోగ పరీక్ష అంటారు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

"పర్యవేక్షణకు ఎవరు సంతకం పెడతారు?"

"నేను పెడతాను సార్" అంది హేమలత.

పోటీ రోజున జిల్లా కేంద్రంలోని మైదానానికి హేమలత చిన్న రేకు డబ్బాతో వచ్చింది. ఈశ్వరి గీత దగ్గర నిలబడి ఉంది, మొహం వాడిపోయి. మైదానం పొడవునా ఊళ్ల నుంచి వచ్చిన జనం. వేదిక మీద ముఖ్య అతిథి పద్నాలుగు పేజీల ఉపన్యాసం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. తుపాకీ పేలింది. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ఈశ్వరి ఏడో స్థానంలో ఉంది. ఎదురుగా తాడు పట్టుకుని నిలబడిన నాయనమ్మ దగ్గరికి వస్తుండగా హేమలత డబ్బా మూత తీసింది.

"బేగీ!" అంది చిన్నమ్మడు.

పన్నెండు రోజులు నోట్లో లేని మాట. ఉన్న ఊపిరంతా దానికే ఖర్చుపెట్టింది. ఈశ్వరి మెడ నిటారుగా లేచింది. ఒకరిని దాటింది, ఇద్దరిని దాటింది. "బేగి! బేగి రా నా తల్లి!" చినగురువలస వాళ్లందరికీ ఒక్కసారే నోళ్లు తెరుచుకున్నాయి. మిగతా ఊళ్లవాళ్లూ అందుకున్నారు. నీళ్ల క్యానులు మోసేవాళ్లు పరిగెత్తారు. పులిహోర పొట్లాలు పంచేవాళ్లు పరిగెత్తారు. ముఖ్య అతిథి లేచి, పద్నాలుగు పేజీలు నిమిషన్నరలో ముగించి, ఈలలమధ్య కూర్చున్నారు. ఆయన ఉపన్యాసాల్లో జనం అంతగా మెచ్చుకున్నది అదేనని తర్వాత పత్రికల్లో వచ్చింది.

ఈశ్వరి రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం వచ్చిన పిల్లది ఇంకా కేంద్రం వారి సర్వే జరగని ఊరు.

చిన్నమ్మడు మనవరాలిని ఎత్తుకోబోతే, బరువాగక ఇద్దరూ గడ్డిమీద పడ్డారు. లేవకుండా అక్కడే పడి నవ్వారు. హేమలత తన గొంతు బొంగురుపోయిందని అప్పుడు గమనించింది. ఆమె కూడా అరిచింది. ఐదో తరగతిలో పోయిన మాట పెదవుల మీద ఇంకా వెచ్చగా ఉంది.

నియమం ప్రకారం సాయంత్రం ఐదింటికి మాట సొరుగులో ఉండాలి. హేమలత డబ్బా తెరిచి పట్టుకుంది.

"ఇచ్చీమంటావేటమ్మా?" అంది చిన్నమ్మడు. నవ్వు తగ్గింది.

"పరీక్ష ఇంకా అవలేదు పెద్దమ్మా" అంది హేమలత. "రేపు కూడా చూడాలి. ఎల్లుండీ చూడాలి. ఎన్నాళ్లలో ముగించాలో నియమంలో రాయలేదు." డబ్బా మూత ఖాళీగానే మూసేసింది.

అప్పటి నుంచి నెలనెలా ఆమె 'పరీక్ష కొనసాగుతోంది' అని నివేదిక పంపుతుంది. ప్రభాకరం గారు చదివి, ఎవరూ చూడకుండా చిన్నగా నవ్వుకుని సంతకం పెడతారు.

జూన్‌లో కేంద్రానికి చినగురువలస బడి తల్లిదండ్రుల సంఘం నుంచి అర్జీ వచ్చింది. ఈ ఏడు నుంచి బడి ఇంగ్లీషు మీడియం అయింది కనుక, పిల్లల నోళ్లలో మిగిలి ఉన్న మాటలను కేంద్రం వారు దయచేసి తీసుకుపోయి ఇంగ్లీషుకు చోటు చేయవలసిందిగా ప్రార్థన. రెండు వందల పన్నెండు సంతకాలు. సంతకాల్లో మొదటిది ఈశ్వరి తల్లి తవిటమ్మది.

"గుంట పరిగెట్టింది ఆ మాటతోనే కదే" అంది చిన్నమ్మడు కోడలితో.

"పరిగెట్టింది నిజివే అత్తా. రేపు ఇంటర్వూలో పరిగెట్టమనరు కదా, మాటాడమంటారు."

కేంద్రంలో ఆ ఏడాది మాటల లక్ష్యం ఒక్క పూటలో పూర్తవుతుందని లెక్క తేలడంతో అర్జీ ఆమోదించారు.

బడి ఆవరణలో షామియానా వేశారు. వరసలో పిల్లలు ఉతికిన బట్టలు వేసుకుని, పౌడరు రాసుకుని నిలబడ్డారు. మైకులో పాటలు పెట్టారు. మజ్జిగ పంచారు. ఈసారి నమూనా పద్ధతి కాదు, ఎవరి మాటలు వారివే. హేమలత బల్ల దగ్గర కూర్చుని, ఒక్కొక్కరినీ పేరు అడిగి, తల నిమిరి, దీపం వెలిగించింది. వరసలో మొదటిది నాలుగేళ్ల పిల్ల. ఎర్ర దీపం పదహారుసార్లు వెలిగి ఆరింది. పిల్ల కుర్చీ దిగి, గౌను సర్దుకుని, నోరు ఒకసారి మూసి తెరిచి, "థాంక్యూ మేడమ్" అంది. ఒక్క అక్షరం తడబడలేదు.

షామియానా దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. తల్లి కళ్లు తుడుచుకుంది. పిల్ల నిజంగా ముద్దుగానే అంది కాబట్టి, చిన్నమ్మడు కూడా కొట్టింది.