తప్పుల మాస్టారి అరవై రత్నాలు

సెకండరీ స్కూలు ఆఖరి తరగతి సైన్సు పరీక్షలో, ఒకే ఒక్క విద్యార్థిని మినహా, ఏ ఒక్కరూ సొంతంగా తప్పు చేయలేదని తెలియజేయడానికి విద్యాశాఖ మిక్కిలి సంతోషించింది. పరీక్ష రాసిన నలభై వేల మందిలో నలభై వేల మందీ, ఒక్కరు తక్కువగా, ఉత్తీర్ణులయ్యారు. ఇంతటి విజయం వెనుక ఒక సామాన్య ఉపాధ్యాయుడి పాతికేళ్ళ కృషి ఉందని ప్రకటనలో రాశారు. ఆ మాట అబద్ధం. కృషి ఇరవై రెండేళ్ళదే.

ఆ ఉపాధ్యాయుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు స్కూలు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. బయట అందరికీ ఆయన తప్పుల మాస్టారు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కనిపించిన తప్పుల్లో మేలిరకం వాటిని ఏరి, ఒక పొడుగు నోటుబుక్కులో రాసుకోవడం ఆయన అలవాటు. కొందరు తపాలా బిళ్ళలు దాచుకుంటారు, కొందరు పాత నాణేలు దాచుకుంటారు. ఈయన తప్పులు దాచుకున్నారు.

నోటుబుక్కులో ఏమున్నాయంటే: 'మొక్కలు పగలంతా ఆహారం తయారుచేసే పనిలో ఉంటాయి కనుక ఊపిరి పీల్చవు, రాత్రి తీరిక చేసుకుని పీలుస్తాయి.' 'ద్రవ్యరాశి, బరువు ఒకటే, మర్యాదకు రెండు పేర్లు.' 'మొదటి బల్బు వాడేసుకోగా మిగిలిన ఎంగిలి కరెంటు రెండో బల్బుకు వస్తుంది.' 'కంటి నుంచి వెలుగు బయలుదేరి వస్తువును చూసి వెనక్కి వస్తుంది.' 'ఆమ్లము ఎర్ర లిట్మస్ కాగితాన్ని నీలంగా మార్చును.' ఇంకొక పేపరులో ఒక పిల్లవాడు ప్రయోగం గురించి ఇలా రాశాడు: 'పరిశీలన: ఏమీ జరగలేదు. నిర్ధారణ: కావున నిరూపించబడినది.' ఈ చివరిదాన్ని మాస్టారు ఎర్ర సిరాతో గీత గీసి మరీ దాచుకున్నారు.

ఆయన ఆ తప్పులను చూసి వెక్కిరించేవారు కాదు. ప్రతి తప్పు ఎదురుగానూ సరైన జవాబు, అది రాసిన పిల్ల అలా ఎందుకు అనుకుని ఉంటుందో ఒక వివరణ రాసేవారు. తప్పు రాసిన పిల్ల కనీసం ఆలోచించిందని ఆయన నమ్మకం. ఉపాధ్యాయ వృత్తిలో ఇలాంటి నమ్మకాలు ఆరోగ్యానికి మంచివి కావు.

నోటుబుక్కు సంగతి ఆ నోటా ఈ నోటా పడి విద్యాశాఖ డైరెక్టరుగారి చెవిన పడింది. ఆయన మాస్టారిని ఆఫీసుకు పిలిపించి, కుర్చీ చూపించి, టీ తెప్పించారు. "మాస్టారూ, మీరు చేసింది మామూలు పని కాదండీ. దీన్ని పుస్తకంగా వేద్దాం. అరవై తప్పులు, అరవై ఒప్పులు. ప్రతి పిల్ల చేతిలో ఉండాలి" అన్నారు. ఇరవై రెండేళ్ళలో శాఖ ఆయనకు టీ ఇవ్వడం అదే మొదటిసారి. మాస్టారి కళ్ళు చెమర్చాయి.

పుస్తకానికి ఒక సంఘం ఏర్పడింది. సంఘం ఐదుసార్లు సమావేశమైంది. మొదటి సమావేశంలో 'తప్పులు' అనే మాట పిల్లల లేత మనసులను గాయపరుస్తుందని తేల్చి, పుస్తకం పేరు 'విజ్ఞాన రత్నాలు' అని మార్చారు. రెండో సమావేశంలో, పుస్తకం ముప్పై రెండు పేజీలు మించరాదని తీర్మానించారు. మూడో సమావేశంలో, పద్నాలుగు మంది పెద్దల శుభాకాంక్షలు ఫోటోలతో సహా వేయాలని తీర్మానించారు. ఒక్కొక్క పెద్దకు ఒక్కొక్క పేజీ. ఏ ఇద్దరినీ ఒకే పేజీలో కూర్చోబెట్టడం కుదరదు, వాళ్ళలో చాలామందికి ఒకరితో ఒకరికి మాటల్లేవు. నాలుగో సమావేశంలో, చోటు చాలడం లేదు కనుక సరైన జవాబులు తొలగించారు. అవి పాఠ్యపుస్తకంలో ఎలాగూ ఉన్నాయట.

"సార్, ఒప్పులు తీసేస్తే పిల్లలు ఇవే నిజమనుకుంటారండీ" అన్నారు మాస్టారు.

"మీరు మన పిల్లల్ని తక్కువ అంచనా వేస్తున్నారు. చాలా తెలివైనవాళ్ళండీ మన పిల్లలు" అన్నారు డైరెక్టరుగారు, నొచ్చుకుంటూ.

ఐదో సమావేశంలో, 'ఇవన్నీ తప్పులు, జాగ్రత్త' అని మాస్టారు రాసిన ముందుమాట స్థానంలో డైరెక్టరుగారి ముందుమాట చేరింది. అందులో ఒక వాక్యం లావు అక్షరాల్లో ఉంది: 'ఇందలి ప్రతి పంక్తిని ప్రతి విద్యార్థి కంఠస్థం చేయవలెను.'

మాస్టారు అప్పుడే గట్టిగా అడ్డుపడి ఉండాల్సింది. కానీ అట్ట మీద 'సంకలనం' అన్న మాట కింద ఆయన పేరు ఉంది. దాన్ని ఆయన భార్య పొరుగింటి వాళ్ళకూ, ఎదురింటి వాళ్ళకూ, పాలు పోసే ఆవిడకూ చూపించింది. మాస్టారు కూడా స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు రెండుసార్లు తీసి చూసుకున్నారు. మనిషి అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

పుస్తకాలు బడికి వచ్చిన రోజు నుంచే పని మొదలైంది. హెడ్మిస్ట్రెస్ ప్రతి ఉదయం వరండాలో పిల్లలను బారులు తీర్చి, అరవై రత్నాలూ ముక్తకంఠంతో అప్పజెప్పించేవారు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు ఏడో వరుసలోని పిల్ల ఒకతె, ఆమ్లము ఎర్ర లిట్మస్‌ను నీలంగా మార్చునని కళ్ళు మూసుకుని చెప్పింది. అధికారి చప్పట్లు కొట్టి, ఆ పిల్లకు పెన్ను బహూకరించారు. బడిలో లిట్మస్ కాగితం ఉన్న బీరువా తాళంచెవి నాలుగేళ్ళుగా దొరకడం లేదు గనుక, ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఒక్క ఎందుకమ్మకు తప్ప. ఆ పిల్ల తల్లి టైలరు. తల్లి మిషను పక్కన కూర్చుని, దారం ఎందుకు తెగుతుంది, సూది ఎందుకు వేడెక్కుతుంది అని పుట్టినప్పటి నుంచీ అడుగుతూ రావడం వల్ల ఆ పేరు స్థిరపడింది. ఒకరోజు ఆ పిల్ల మాస్టారి క్లాసులో పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది.

"మాస్టారూ, ఇది తప్పు కదండీ?"

"తప్పేనమ్మా."

"మరి ఎందుకండీ బట్టీ పట్టిస్తున్నారు?"

మాస్టారు తలుపు వైపు చూశారు. పుస్తకంలోని విషయానికి ఏ ఉపాధ్యాయుడూ ఏదీ కలపరాదనీ, తీసివేయరాదనీ సర్క్యులర్ వచ్చి అప్పటికి వారం. వరండాలో హెడ్మిస్ట్రెస్ చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. వెనక బెంచీ నుంచి ఇంకొకరు అసలు ప్రశ్న అడిగారు: "మాస్టారూ, పరీక్షలో ఏది రాయాలండీ?"

"నిజం రాయండి" అన్నారు మాస్టారు, గొంతు బాగా తగ్గించి.

ఆ తగ్గు గొంతును నలభై ఇద్దరు పిల్లలు విన్నారు. నలభై ఒక్కరు లోకజ్ఞానం ఉన్నవాళ్ళు.

పరీక్షలు అయ్యాయి. దిద్దుబాటు హాల్లో మాస్టారికి ఒక కట్ట పేపర్లు, దానితో పాటు జవాబుల కీ ఇచ్చారు. కీ తయారు చేసిన సంఘం దగ్గర చేతికందిన శాఖాపరమైన పుస్తకం ఒకటే ఉండటంతో, అందులోంచే ఎత్తి రాసింది. మాస్టారు మొదటి పేపరు తెరిచారు. తన అరవై తప్పులూ ముత్యాల్లాంటి అక్షరాల్లో కనిపించాయి. రెండో పేపరూ అంతే. మూడూ అంతే. ఇరవై రెండేళ్ళు ఏరుకున్న ఒక్కొక్క తప్పూ ఇప్పుడు కుప్పలు కుప్పలుగా, కామాలతో సహా ఒకేలా ఉంది. వాటిలో ఒక్కటీ నోటుబుక్కులోకి ఎక్కించుకునేలా లేదు. ఎవరూ ఆలోచించి చేసింది కాదు మరి.

ముప్పయ్యో పేపరు దగ్గర ఆయన చేయి ఆగింది. ద్రవ్యరాశికీ బరువుకూ తేడా రాసి, చంద్రుడి మీద రెండూ ఎంతెంత ఉంటాయో లెక్క కూడా కట్టి ఉంది. మొక్కలు రాత్రీ పగలూ శ్వాసిస్తాయని ఉంది. మాస్టారు ఆనందంగా పూర్తి మార్కులు వేసుకుంటూ పోయారు. సాయంత్రం చీఫ్ ఎగ్జామినర్ ఆ పేపరు తీసి, కీ పక్కన పెట్టి చూసి, ఒక్కొక్క మార్కూ కొట్టేశారు.

"ఏంటి మాస్టారూ, కళ్ళజోడు మార్చాలేమో చూసుకోండి. ఒక్కటీ కలవట్లేదు" అన్నారు జాలిగా.

ఎవరి పేపరో నంబరు చాటున తెలియలేదు. ఫలితాలు వచ్చిన రోజున తెలిసింది.

టైలరు ఎందుకమ్మను వెంటబెట్టుకుని బడికి వచ్చింది. ఆమె మెడలో ఇంకా కొలతల టేపు వేలాడుతోంది. "మాస్టారూ, మా పిల్ల మీరు చెప్పినట్టే రాశానంటోంది. అందరూ ఒక మాట రాస్తుంటే ఇదొక్కతే ఇంకో మాట రాయడమేంటండీ? మీరైనా కాస్త చెప్పొద్దా?" అంది. పక్కన నిలబడ్డ పిల్ల ఏడవలేదు. ఆయన్నే చూస్తూ ఉంది. ఏడ్చి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

మాస్టారు తన చేత్తో పునఃపరిశీలనకు దరఖాస్తు రాశారు. మూడు వారాలకు జవాబు వచ్చింది: 'సదరు విద్యార్థిని జవాబు పత్రమును క్షుణ్ణముగా పరిశీలించడమైనది. ఆమె జవాబులు నిజమే అయినప్పటికీ సరైనవి కానందున, మార్కులలో మార్పు లేదు.'

ఇక తాడోపేడో తేల్చుకుందామని, శాఖ తనకు ఏర్పాటు చేసిన సన్మాన సభలో నిజం చెప్పేయాలని మాస్టారు నిశ్చయించుకున్నారు. సభ ఘనంగా జరిగింది. శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, ఈసారి ఏమాత్రం తగ్గించకుండా అన్నారు: "అయ్యా, ఆ పుస్తకంలో ఉన్నవన్నీ తప్పులండీ. మొదటి నుంచి చివరి దాకా తప్పులే. తప్పంతా నాది."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. డైరెక్టరుగారు లేచి మైకు అందుకున్నారు. "చూశారా వినయం! ఇంత చేసి కూడా అంతా తప్పులే అంటున్నారు. మహానుభావులు ఇలాగే మాట్లాడతారు. అయితే ఒక్క మాట. నూటికి నూరు శాతం రావలసిన మన ఫలితాన్ని ఒకే ఒక్క అమ్మాయి పాడుచేసింది. ఆ అమ్మాయి రాసిన తప్పులు మరే పిల్లా రాయకూడదు. కాబట్టి మాస్టారి సంకలనంలోనే, ఆ జవాబులన్నీ ఏరి, విజ్ఞాన రత్నాలు రెండో భాగం తెస్తున్నామని సవినయంగా ప్రకటిస్తున్నాను."

మాస్టారికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక పూలగుత్తి పక్కన పెట్టి, డైరెక్టరుగారి దగ్గరికి జరిగారు.

"సార్, పేజీలు ముప్పై రెండేనా?" అని నెమ్మదిగా అడిగారు.

"అంతే."

"పెద్దల ఫోటోలు?"

"ఈసారి పదహారు."

"అయితే వివరణలకు చోటుండదు. ముందుమాట మాత్రం పోయినసారిదే ఉంచితే బాగుంటుందండీ."

"అదే ఉంటుంది మాస్టారూ, మీరు కంగారు పడకండి" అని డైరెక్టరుగారు ఆయన భుజం తట్టారు.

మర్నాడు మాస్టారు టైలరు ఇంటికి వెళ్ళారు. ఎందుకమ్మ బొత్తాలు కుడుతోంది. విషయం చెప్పగానే సూది పట్టుకున్న చేయి ఆగిపోయింది. "నా తప్పులు అచ్చేస్తారా?" అంది.

"ఒక్కటి కూడా వదలకుండానమ్మా."

పిల్ల కాసేపు ఆలోచించి, పకపకా నవ్వింది. ఫలితాలు వచ్చాక ఆ ఇంట్లో నవ్వు వినిపించడం అదే మొదటిసారి. తర్వాత ఉన్నట్టుండి ముఖం చిన్నబుచ్చుకుంది. "మాస్టారూ, అద్దం బొమ్మలో కిరణాలకు బాణం గుర్తులు పెట్టలేదండీ. తొందరలో మర్చిపోయాను. అది మాత్రం నిజంగానే తప్పు. దిద్దాకే అచ్చేయండి." ఇద్దరూ మిషను మీద కాగితం పరుచుకుని బాణాలు గీశారు.

సప్లిమెంటరీ పరీక్షకు కీ పాతదే. "పాసవ్వాలిగా తల్లీ, ఈ ఒక్కసారికీ..." అన్నారు మాస్టారు. "ఎన్ని తప్పులు రాస్తే పాసవుతానో అన్నే రాస్తానండీ. ఒక్కటి ఎక్కువ రాయను" అంది ఎందుకమ్మ. అలాగే రాసింది. సరిగ్గా ముప్పై ఐదు వచ్చాయి. ఇంత తెలివితక్కువ పిల్ల పాసవడం మాస్టారి చలవేనని హెడ్మిస్ట్రెస్ మెచ్చుకున్నారు.

రెండో భాగం వచ్చింది. పదహారు ఫోటోలూ, పదహారు పేజీల నిజాలూ. వరండాలో బారులు తీరిన పిల్లలు, ఆమ్లము నీలి లిట్మస్‌ను ఎర్రగా మార్చునని ముక్తకంఠంతో అప్పజెప్పారు. కీ కొత్త పుస్తకంలోంచే వచ్చింది. పరీక్షలో నలభై ఒక్క వేల మందీ సరైన జవాబులే రాశారు. ఫలితం నూటికి నూరు. మాస్టారు పేపర్లు దిద్దుతూ, ముప్పయ్యో పేపరు దాకా సంతోషించారు. ఆ తర్వాత కొత్త తరగతిలో ముందు బెంచీ పిల్లను నిలబెట్టి, "ఎందుకమ్మా ఎర్రగా మారుతుంది?" అని అడిగారు. "అది పుస్తకంలో ఇవ్వలేదండీ" అందా పిల్ల మర్యాదగా. ఆయన ఇంకో పిల్లను అడగలేదు.

రెండేళ్ళ జవాబులూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురని ఏ అధికారికీ, ఏ పత్రికకూ, ఏ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. మా వీధిలో ఒకరింట్లో అన్న మొదటి ఏడాది రాశాడు, చెల్లెలు రెండో ఏడాది రాసింది. ఇద్దరికీ సైన్సులో నూటికి నూరు. తల్లిదండ్రులు రెండు మార్కుల పత్రాలనూ పక్కపక్కన ఒకే ఫ్రేములో కట్టించి హాల్లో వేలాడదీశారు. వెళ్ళిన వాళ్ళందరం తలెత్తి చూసి, ఎంత పోలికో అని మెచ్చుకుని, స్వీటు తిని వచ్చాం.